ప్లేటా, బోల్టా, కుసి జాయింటా? బల్ల కాళ్ళకి ఏ బిగింపు నప్పుతుంది

కొత్త బల్ల కొన్నా, చేయించుకున్నా మనం ముందు చూసేది పైపలకే. టేకా, ప్లైవుడ్డా, గ్రానైటా, పాలిష్ ఎలా ఉంది, సోఫా రంగుకి నప్పుతుందా అని. కిందికి వంగి కాళ్ళు ఎలా బిగించారో చూసేవాళ్ళు చాలా తక్కువ. అయిదేళ్ళ తర్వాత ఆ బల్ల ఇంట్లోనే ఉంటుందా, పాత సామాన్ల బండెక్కుతుందా అన్నది మాత్రం ఆ వంగి చూడని చోటే తేలుతుంది.

నేనూ వంగి చూడలేదు. కొన్నేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో ఒక స్టడీ టేబుల్ తెప్పించాను. నాలుగు సన్నటి ఇనుప కాళ్ళు, ఒక్కో కాలుకి ఒక ప్లేటు, ప్లేటుకి నాలుగు స్క్రూలు. అరగంటలో నేనే బిగించేశాను, ఇంట్లో కాస్త గొప్ప కూడా పోయాను. ఏడాది బాగానే ఉంది. ఇల్లు మారే రోజున దాన్ని ఎత్తడానికి బద్ధకించి గదిలోంచి హాల్లోకి ఈడ్చాం. గడప దగ్గర ఒక కాలు టైలు అంచుకి తట్టుకుంది. కర్రుమని ఒక చప్పుడు, ప్లేటు మొత్తం ఊడొచ్చింది. స్క్రూలు నాలుగూ ప్లేటుకే ఉన్నాయి, వంకర కూడా పోలేదు. వాటి చుట్టూ గుప్పెడు రంపపు పొట్టు. తర్వాత పిలిచిన మేస్త్రీ ఆ గుంటలో వేలితో గీకి, "ఇందులో చెక్క ఎక్కడుంది సార్, పొట్టు కదా! స్క్రూ దేన్ని పట్టుకోవాలి?" అన్నాడు.

ఆ పూట నుంచి ఎవరింటికెళ్ళినా బల్లల కిందికి తొంగిచూడడం నాకు అలవాటైపోయింది. మర్యాద కాదని మా ఇంట్లోవాళ్ళు అంటారు.

లాగేది బరువు కాదు, తోపుడు

బల్ల మీద నాలుగు బియ్యం బస్తాలు పెట్టండి. కాళ్ళు నిట్టనిలువుగా ఉన్నంతసేపు ఏమీ కాదు. బరువు పలక నుంచి కాలులోకి, కాలులోంచి నేలలోకి తిన్నగా దిగిపోతుంది, మధ్యలో స్క్రూకి పెద్ద పనేం ఉండదు. ఎవరైనా పక్కకి నెట్టినప్పుడు, ఈడ్చినప్పుడు, పిల్లలు అంచు మీద ఎక్కి కూర్చున్నప్పుడే అసలు పరీక్ష. అప్పుడు కాలు గడ్డపారలా పనిచేస్తుంది. కింద చిన్న తోపుడు పైన పెద్ద లాగుడవుతుంది.

చిన్న లెక్క చూద్దాం. మామూలు బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. కాలు అడుగున 10 కిలోల బలంతో పక్కకి తన్నారు అనుకోండి. పైన ప్లేటు ఒక అంచు మీద వాలి, ఆ అంచుకి ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో ఉన్న రెండు స్క్రూలని పైకి పీకుతుంది. 75ని ఏడున్నరతో భాగిస్తే పది రెట్లు. అంటే ఆ రెండు స్క్రూల మీద కలిపి దాదాపు 100 కిలోల లాగుడు. అదే ప్లేటు, అవే స్క్రూలు 15 సెంటీమీటర్ల సోఫా కాలుకి పెడితే లాగుడు 20 కిలోలే.

అందుకే ఒకే రకం ప్లేటు సోఫా కింద ఇరవై ఏళ్ళు నిలుస్తుంది, స్టడీ టేబుల్ కింద ఏడాదికే ఊడుతుంది. తప్పు ప్లేటుది కాదు, దాన్ని పెట్టిన చోటుది. కాలు ఎంత పొడుగు, అది కరిచి పట్టుకునే పలక దేనితో చేసింది, మీరు ఇల్లు ఎన్నిసార్లు మారుతారు. ఎంపికంతా ఈ మూడింటి మీదే నడుస్తుంది. కొట్టువాడు చెప్పే 'హెవీ డ్యూటీ' అనే మాట ఈ మూడింట్లో దేనికీ జవాబు కాదు.

ఊగుతోందా, కుంటుతోందా

కొత్తది కొనే ముందు, ఉన్నదానికి ఏం జబ్బో తేల్చుకోండి. ఊగడం వేరు, కుంటడం వేరు. ఒక మూల మీద అరచేతితో నొక్కండి. అటు నొక్కితే ఇటు కాలు నేల మీంచి లేచి టక్కుమంటే అది కుంటడం. కాళ్ళ పొడవులోనో నేలలోనో తేడా ఉంది, జాయింట్ నిక్షేపంగా ఉంది. కాలు కింద రబ్బరు బుష్షో, తిప్పి ఎత్తు సర్దుకునే అడుగో పెట్టుకుంటే సరిపోతుంది. బల్లని ఉన్నచోటే కొద్దికొద్దిగా తిప్పి చూసినా చాలాసార్లు నాలుగు కాళ్ళూ ఆనే చోటు దొరుకుతుంది. మన ముక్కాలి పీటకి ఈ గొడవే లేదు, మూడు కాళ్ళు ఎలాంటి నేల మీదైనా ఆనాల్సిందే.

నాలుగు కాళ్ళూ నేలకే ఆని ఉండి, పలక మాత్రం పడవలా అటూ ఇటూ కదిలితే అది ఊగడం. అది జాయింట్ జబ్బు. దాని కింద ఎన్ని అట్టముక్కలు మడిచి పెట్టినా తగ్గదు. మిగతా కథంతా ఈ ఊగడం గురించే.

ప్లేటు, స్క్రూలు

అందరికీ దొరికేది, అందరూ చేసుకోగలిగేది ఇదే. చదరపు ఇనుప ప్లేటుని పలక అడుగున నాలుగు స్క్రూలతో బిగిస్తారు. కాలు దానికి వెల్డింగ్ చేసి ఉంటుంది, లేదా మధ్యలో ఉన్న మరలోకి కాలు తిప్పి బిగించేలా ఉంటుంది. సోఫా, టీవీ యూనిట్, చెప్పుల స్టాండ్, బీరువా లాంటి పొట్టి కాళ్ళ సామాన్లకి ఇంతకంటే ఖర్చుపెట్టనక్కర్లేదు.

తలపిన్నులా వంచిన ఇనుప కడ్డీల కాళ్ళు, హెయిర్‌పిన్ కాళ్ళంటారే, అవీ ఈ జాతివే. 1941లో హెన్రీ గ్లాస్ అనే డిజైనర్ వీటిని మొదలుపెట్టాడంటారు. ఫొటోల్లో చాలా బాగుంటాయి. కాఫీ టేబుల్‌కి, మొక్కల స్టాండ్‌కి నేనూ వాడాను. రాసుకునే బల్లకి మాత్రం వద్దంటాను. స్క్రూలు ఎంత గట్టిగా ఉన్నా ఆ కడ్డీ స్వభావమే స్ప్రింగు. మీరు రబ్బరుతో చెరుపుతుంటే పక్కన గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. తప్పనిసరై పెట్టుకుంటే 10 మిల్లీమీటర్లది వదిలేసి 12 మిల్లీమీటర్ల కడ్డీ, రెండు కడ్డీలది వదిలేసి మూడు కడ్డీలది తీసుకోండి.

ప్లేటు బిగించడంలో స్క్రూ పొడవే కీలకం. పలక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ప్లేటు మందం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. ముప్పాతిక అంగుళం స్క్రూ, అంటే 19 మిల్లీమీటర్లది, ప్లేటు పోను 16 మిల్లీమీటర్లు లోపలికి దిగుతుంది. పైన ఇంకా 2 మిల్లీమీటర్లు మిగులుతుంది. సరిగ్గా సరిపోయింది. 'ఇంకాస్త గట్టిగా ఉంటుందిలే' అని అంగుళం స్క్రూ వేస్తే మీ సన్‌మైకా మీద నాలుగు మొనలు తేలతాయి. పొడవు పెంచలేం కాబట్టి లావు పెంచాలి. ఆరు నంబరు బదులు ఎనిమిది నంబరు తీసుకోండి. నాలుగు కన్నాల ప్లేటు బదులు ఆరు కన్నాలది, చిన్న ప్లేటు బదులు వెడల్పుది. పైన వేసిన లెక్కలో ఏడున్నర సెంటీమీటర్లని పదిహేను చేస్తే లాగుడు సగమవుతుంది. ఖర్చు పెట్టదగ్గ చోటు ఇదే.

ఇంకో మాట. మన హార్డ్‌వేర్ షాపుల్లో స్క్రూ అడిగితే నల్లగా ఉండే జిప్సమ్ స్క్రూలు పొట్లం కట్టి ఇస్తారు. ఫాల్స్ సీలింగ్ పనికి చేసినవి అవి. గట్టివే గానీ పెళుసు. పక్కకి దెబ్బ తగిలితే వంగవు, తలకాయ తెగిపోతుంది. తెగిన ముక్క చెక్కలోనే ఉండిపోతే దాన్ని తీయడం ఒక పూట పని. కాళ్ళకి చెక్క స్క్రూలే అడగండి. ముందు సన్న కన్నం వేయకుండా నేరుగా దించొద్దు. ఎనిమిది నంబరు స్క్రూ లావు సుమారు 4 మిల్లీమీటర్లు. టేకు లాంటి గట్టి కర్రలో 3 మిల్లీమీటర్ల బిట్టుతో, మెత్తటి కర్రలో రెండున్నరతో కన్నం వేసుకుంటే చెక్క చీలదు. స్క్రూ మరలకి కొవ్వొత్తి రుద్దితే మణికట్టు నొప్పి తగ్గుతుంది.

ఫ్రేమ్, మూల బ్రాకెట్, బోల్టు

పొడుగు కాళ్ళ బల్లకి పలక కింద చుట్టూ నాలుగు చెక్క పట్టీలు ఉండాలి. వాటినే ఫ్రేమ్ అంటారు. అది అందానికి పెట్టింది కాదు. ప్లేటుని అడుగున అతికించినప్పుడు కాలుకి ఆసరా 3 మిల్లీమీటర్ల ఇనుము. ఫ్రేమ్ ఉంటే కాలు పై భాగం మూడు నాలుగు అంగుళాల లోతున రెండు వైపుల నుంచి పట్టీలకి ఆనుకుంటుంది. తోపుడు వచ్చినప్పుడు ఆ లోతంతా ఎదురు నిలుస్తుంది. పట్టీ ఎంత లోతైతే బల్ల అంత కదలదు. కానీ తొడలు కూడా పట్టాలి కదా. బల్ల ఎత్తు 30 అంగుళాలు, పలక ఒకటి, పట్టీ నాలుగు పోతే కింద 25 మిగులుతాయి. కుర్చీ కూర్చునే చోటు 18. ఏడు అంగుళాల సందు చాలు. పట్టీ ఆరు అంగుళాలు చేయిస్తే మాత్రం కాలు మీద కాలేసుకుని కూర్చునేవాళ్ళు మోకాలు కొట్టుకుంటారు.

ఇక ఆ పట్టీలకి కాలుని ఎలా కట్టాలి? విడదీసుకునే వీలు కావాలంటే హ్యాంగర్ బోల్టు. ఒక కొస చెక్క స్క్రూలా, రెండో కొస నట్టు పట్టే బోల్టులా ఉంటుంది, తల ఉండదు. స్క్రూ కొసని కాలు లోపలి మూలలోకి దించుతారు. తల లేనిదాన్ని తిప్పడం ఎలా అంటే, బోల్టు కొసకి రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి ఎదురు బిగించేయాలి. అవి జంటగా కరుచుకుంటాయి. అప్పుడు పై నట్టుకి పానా వేసి తిప్పితే బోల్టు మొత్తం చెక్కలోకి దిగుతుంది. తర్వాత నట్లు విడదీసి తీసేయడమే. మొదటిసారి చేసినప్పుడు ఏదో గారడీ చూసినట్టనిపించింది.

ఫ్రేమ్ మూలలో ఏటవాలుగా ఒక ఇనుప బ్రాకెట్ ఉంటుంది. బోల్టు దానిలోంచి ఇవతలికి వస్తుంది. వాషరు వేసి నట్టు బిగిస్తే కాలు మూలలోకి లాక్కుపోతుంది. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. బ్రాకెట్‌కి, కాలు మూలకి మధ్య కొద్దిగా సందు ఉండాలి. ఆ సందు ఉంటేనే నట్టు బిగించిన కొద్దీ కాలు పట్టీలకి నొక్కుకుంటుంది. బ్రాకెట్ వెళ్ళి కాలుకే తగిలి ఆగిపోతే నట్టు ఎంత తిప్పినా కాలు వదులుగానే ఉంటుంది. 'బోల్టులన్నీ టైటుగానే ఉన్నాయి, అయినా ఊగుతోంది' అని తలపట్టుకునేవాళ్ళు ముందు ఆ సందు చూడాలి.

విడదీసే సామాను కొత్త ఆలోచనేం కాదు. 1859లో ఆస్ట్రియాలో మైకేల్ థోనెట్ తెచ్చిన 14వ నంబరు కుర్చీని ఆవిరిలో వంచిన ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లతో కట్టారు. విడదీస్తే 36 కుర్చీలు ఒక ఘనపు మీటరు పెట్టెలో పట్టేవి. తర్వాత 1950లలో ఐకియా డిజైనర్ గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక బల్ల కారులో పట్టకపోతే కాళ్ళు ఊడదీశాడని, అక్కడి నుంచే తమ విడిభాగాల పద్ధతి మొదలైందని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. 2018 ఆగస్టులో ఐకియా మన దేశంలో మొదటి స్టోరు హైదరాబాద్ హైటెక్ సిటీలో తెరిచాక, ఎల్ ఆకారపు అలెన్ కీ మన ఇళ్ళలో స్క్రూడ్రైవర్ పక్కన చోటు సంపాదించుకుంది.

అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకి, ఉద్యోగం రీత్యా ఊళ్ళు తిరిగేవాళ్ళకి నా ఓటు కళ్ళు మూసుకుని దీనికే. లిఫ్టులో పట్టని ఆరడుగుల బల్ల కూడా కాళ్ళు తీసేస్తే పలకలా నిలబడి పోతుంది.

కుసి జాయింటు

మీ అమ్మమ్మగారింట్లో పాత నులక మంచం ఉంటే ఒకసారి తిరగేసి చూడండి. ఒక్కో కోడుకి, అంటే మంచం కాలుకి, రెండు బెజ్జాలు, ఒకటి నిలువు పట్టెకి, ఒకటి అడ్డ పట్టెకి. పట్టె కొసని సన్నగా చెక్కితే అది కుసి. దాన్ని బెజ్జంలోకి దిగ్గొడతారు. జిగురు లేదు, మేకు లేదు. నులక అల్లి బిగించగానే అన్ని వైపుల నుంచీ పట్టెలు లోపలికి లాగబడి, కోళ్ళని తమకేసి నొక్కుకుంటాయి. మనిషి పడుకుంటే ఇంకా బిగుస్తుంది. నులక సాగిపోతే కోళ్ళూ ఊగుతాయి. అందుకే మంచం ఊగితే వడ్రంగికి కబురు పెట్టేవారు కాదు, ముందు కాళ్ళవైపు తాడు లాగి కట్టేవారు. జాయింటుకి, అల్లికకి ఇలా పని పంచిన తెలివి నాకు ఏ కేటలాగ్‌లోనూ కనపడలేదు.

బల్లకి నులక ఉండదు కాబట్టి ఆ లాగుడు పని జిగురూ, మేకూ చేయాలి. పట్టీ మందంలో మూడో వంతు కుసికి ఇవ్వడం మామూలు లెక్క. 24 మిల్లీమీటర్ల పట్టీకి 8 మిల్లీమీటర్ల కుసి. చేత్తో నెడితే కాస్త బిగువుగా దిగాలి. సుత్తితో బాదితేనే దిగేదైతే బెజ్జం పక్క చెక్క చీలుతుంది, దానంతటదే జారిపడితే జిగురు ఒక్కటే దాన్ని మోయాలి. కాలులోంచి కుసిలోంచి అడ్డంగా ఒక కర్ర మేకో, వెదురు మేకో దిగేస్తే జిగురు చచ్చినా జాయింటు ఊడదు. తలుపు చట్రాలకి మనవాళ్ళు చేసేది ఇదే.

జిగురు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. 1959లో ఫెవికాల్ రాకముందు వడ్రంగులు వాడింది వజ్రం. జంతువుల తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసే జిగురు అది, వేడిగా పూయాలి, వాసన చెప్పక్కర్లేదు. కొండపల్లి బొమ్మలవాళ్ళయితే చింతగింజల పిండితో అతుకులు వేస్తారు. వజ్రంలో ఒక సుగుణం ఉంది. వేడీ ఆవిరీ తగిలితే వదులుతుంది, కాబట్టి యాభై ఏళ్ళ తర్వాత కూడా జాయింటు విప్పి బాగుచేయొచ్చు. ఫెవికాల్ బాగా పట్టినచోట విప్పబోతే చెక్కే చిరుగుతుంది. తడి తగిలే చోటుకి మామూలుది వద్దు, నీళ్ళకి తట్టుకునే రకం తీసుకోవాలి. ఏదైనా సరే, పూసి చేతులు దులుపుకుంటే పట్టదు. క్లాంపో, తాడుకట్టో వేసి రాత్రంతా బిగించి ఉంచాలి.

కుసి జాయింటుతో చిక్కల్లా చేసే మనిషి. ఫిట్టింగ్ రేటు మాట్లాడుకుని వచ్చినవాళ్ళు పట్టీని కాలుకి ఆనించి రెండు మేకులు కొట్టి, ఫెవికాల్‌లో పొట్టు కలిపి లప్పం పెట్టేస్తే పాలిష్ కింద ఎవరికీ తెలియదు. 'కుసి తీయండి' అంటే, 'ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చేస్తున్నారండీ' అని తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు. పాలిష్ వేయకముందే చూస్తానని, జిగురు పెట్టకుండా ఒకసారి అమర్చి చూపించమని ముందే మాట తీసుకోండి. మంచి పనివాడు ఈ కోరికకి సంతోషిస్తాడు. జిగురు లేకుండానే నిలబడే బల్లని చూపించడం అతనికీ సరదా.

సొంత ఇల్లు, టేకు కర్ర, నమ్మకమైన మేస్త్రీ, ఈ మూడూ ఉంటే డైనింగ్ టేబుల్‌కి దీని తర్వాతే ఏదైనా.

ఇన్సర్ట్ నట్, టీ-నట్

చెక్కలో లోహపు మర కూర్చుని ఉండి బోల్టు దానిలోకి దిగే పద్ధతి. పదిసార్లు విప్పి బిగించినా చెక్క అరగదు. ఇన్సర్ట్ నట్ కింది నుంచి తిప్పి దించేది. టేకు లాంటి గట్టి కర్రలో ఇత్తడివి తిప్పుతుండగానే చిట్లుతాయి, ఉక్కువి మేలు. కన్నం కొలత ప్యాకెట్ మీద ఉన్నదే పాటించాలి, అర మిల్లీమీటరు తేడా వచ్చినా పట్టు పోతుంది.

టీ-నట్ ముళ్ళున్న చిన్న పళ్ళెంలా ఉంటుంది. దాన్ని బోల్టు వచ్చే వైపుకి ఎదురువైపు నుంచి కొట్టాలి. అప్పుడు బోల్టు లాగిన కొద్దీ పళ్ళెం చెక్కకి నొక్కుకుంటుంది. బోల్టు వచ్చే వైపే కొడితే బిగించిన కొద్దీ అది బయటికి వచ్చేస్తుంది. సోఫా కాళ్ళు పదేపదే ఊడొస్తుంటే అడుగు గుడ్డ విప్పి చూడండి, సగం సార్లు కారణం ఇదే. గుడ్డ కింద, కుషన్ కింద దాగే చోట టీ-నట్‌ని మించింది లేదు. పైకి కనపడే పలకకి మాత్రం పనికిరాదు.

ఇనుప ఫ్రేమ్

ఊళ్ళో గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు ఉంటే ఇది చాలా తేలిక. అంగుళంన్నర చదరపు పైపుతో నాలుగు కాళ్ళూ, పైన చట్రమూ కలిపి ఒకే ముక్కగా వెల్డింగ్ చేయించి, పైన పలక పెట్టుకోవడం. గ్రానైట్ పలక పెట్టాలనుకుంటే ఇదో, మందపాటి టేకు ఫ్రేమో తప్ప వేరే దారి ఆలోచించొద్దు. ఆరడుగులు, మూడడుగులు, 18 మిల్లీమీటర్ల మందం గ్రానైట్ పలక సుమారు 80 కిలోలు తూగుతుంది. దాన్ని మోయడం కష్టం కాదు. జరిపినప్పుడు ఆ 80 కిలోలు కదలనని మొరాయిస్తుంటే కాళ్ళు ముందుకి పోతాయి, ఆ గుంజుడంతా జాయింటు మీదే.

అందంగా ఉంటుందని రెండు వైపులా యూ ఆకారం కాళ్ళు మాత్రమే పెట్టి మధ్యలో ఏమీ లేకుండా చేస్తుంటారు. వెడల్పు వైపు రాయిలా ఉంటుంది, పొడుగు వైపు నెడితే ఊగుతుంది. రెండింటినీ కలుపుతూ పొడుగునా ఒక పైపు వేయించండి, చాలు. పైపు కొసలకి ప్లాస్టిక్ మూతలు మరిచిపోవద్దు. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్ళలో నీళ్ళు పైపులోకి ఎక్కి, లోపల తుప్పు పట్టి, టైలు మీద ఎర్ర మరకలు పడతాయి.

పలక ఏది?

బిగింపు ఎంత మంచిదైనా అది కరిచిన చెక్క మంచిదైతేనే లాభం. పార్టికల్ బోర్డ్ అంటే చెక్క తునకలు, పొట్టు జిగురుతో అదిమిన పలక. స్క్రూ ఒకసారి దిగాక విప్పి మళ్ళీ బిగిస్తే పట్టు సగం పోతుంది, తడి తగిలితే ఉబ్బుతుంది. దీనికి పొడుగు కాళ్ళని నేరుగా ప్లేటుతో పెట్టొద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే అడుగున ఒక వైపు కాళ్ళ నుంచి రెండో వైపు కాళ్ళ దాకా గట్టి కర్ర పట్టీ వేసి, జిగురుతోనూ అక్కడక్కడా స్క్రూలతోనూ పలకకి అతికించి, కాళ్ళ ప్లేట్లు ఆ కర్రకి బిగించండి. నా స్టడీ టేబుల్‌ని మేస్త్రీ ఇలాగే బతికించాడు. ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో అదిమిన పలక, కొంచెం నయం, కానీ దాని అంచులోకి స్క్రూ దించితే పొరలుగా చీలుతుంది. ప్లైవుడ్ పలక ముఖం మీద పట్టు బాగుంటుంది. వంటింట్లోకి, బాల్కనీలోకి అయితే ఐఎస్ 710 ముద్ర ఉన్నది, లోపలి గదుల్లోకి ఐఎస్ 303 చాలు.

అసలు కర్ర పలకకి వేరే నియమం. కర్ర పొడుగునా పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బి ఎండాకాలం ముడుచుకుంటుంది. మూడడుగుల వెడల్పు పలక కొన్ని మిల్లీమీటర్లు కదలడం మామూలే. కాకినాడలో చేయించి రామగుండం తీసుకెళ్ళిన బల్ల, ఇక్కడ చేయించి అమెరికాలో చలికాలం హీటరు ఆన్ చేసి ఉండే ఇంటికి పంపిన బల్ల నడిమధ్య చీలిందంటే, చాలావరకు కారణం పలకని ఫ్రేముకి కదలకుండా జిగురుతో అతికించేయడమే. ఫ్రేమ్ పట్టీలో గుండ్రటి కన్నం బదులు కోలగా ఉండే కన్నం వేసి, వాషరుతో స్క్రూ బిగిస్తే పలక దాని దారిన అది జరుగుతుంది, కాళ్ళు మాత్రం కదలవు.

ఇక ఏ సామానుకి ఏది

డైనింగ్ టేబుల్: సొంత ఇంట్లో కుసి జాయింటు, అద్దె ఇంట్లో ఫ్రేమ్, మూల బ్రాకెట్, హ్యాంగర్ బోల్టు. షోరూములో కొంటుంటే వంగి మూలలు చూడండి. బ్రాకెట్ లేకుండా నాలుగు స్టేపుల్ పిన్నులతో చిన్న చెక్క ముక్క అతికించి ఉంటే ధర మళ్ళీ మాట్లాడండి, లేదా బయటికి వచ్చేయండి.

స్టడీ టేబుల్, కంప్యూటర్ టేబుల్: ఇనుప ఫ్రేమ్. గోడకి ఆనించి పెట్టేదైతే వెనక కాళ్ళ మధ్య ఒక అడ్డకమ్మీ ఉంటే సగం ఊగుడు పోతుంది.

సోఫా, టీవీ యూనిట్: ప్లేటు లేదా టీ-నట్. ఏటవాలుగా బయటికి వాలిన కాళ్ళు ఈమధ్య ఫ్యాషను. ఆ కాళ్ళకి తోపుడు అక్కర్లేదు, కూర్చున్న బరువే వాటిని బయటికి నెడుతుంది. ఆరంగుళాల లోపు పొట్టివైతేనే తీసుకోండి.

గ్రైండర్ స్టూలు, కుట్టుమిషన్ బల్ల: ఇవి అదురుతూనే ఉంటాయి, మామూలు నట్టు దానంతటదే వదులవుతుంది. లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్టు వేయండి, లేదా స్ప్రింగ్ వాషరు. వెల్డింగ్ చేసిన స్టాండయితే ఇంకా బేఫికర్.

పిల్లల కుర్చీలు, స్టూళ్ళు: వీటికి బల్లకంటే ఎక్కువ గట్టి బిగింపు కావాలి. మనిషి కుర్చీలో వెనక్కి వాలి రెండు కాళ్ళ మీద ఊగుతాడు కదా. కుసి జాయింటు, కింద అడ్డకమ్మీలు, రెండూ ఉండాలి. డోవెల్ పుల్లలతో, అంటే రెండు ముక్కల కన్నాల్లోకీ దిగే గుండ్రటి చిన్న కర్ర పుల్లలతో, మాత్రమే అతికించినవి ముందు ఊడేది ఇక్కడే.

ఇప్పటికే వదులైపోయిన స్క్రూ కన్నం ఒకటీ అరా ఉంటే ఇంటి వైద్యం ఉంది. అగ్గిపుల్లల మందు తీసేసి, ఫెవికాల్‌లో ముంచి కన్నంలోకి బిగువుగా కూరి, పైకి మిగిలింది బ్లేడుతో కోసేయండి. అగరబత్తి వెదురు పుల్లలైతే ఇంకా గట్టి. మర్నాటి దాకా ఆగి, సన్న కన్నం వేసి స్క్రూ బిగిస్తే పడుతుంది. పొట్టి కాళ్ళకి ఇది బాగా నిలుస్తుంది. పొడుగు కాళ్ళకి ఇదే వైద్యం చేసి నేను మూడు నెలలు గడిపాను. నాలుగో నెల మళ్ళీ మేస్త్రీకి ఫోన్ చేశాను.

బోల్టు బల్ల కొత్తగా తెచ్చుకున్నవాళ్ళు మొదటి ఎండాకాలం దాటాక నట్లన్నీ ఒకసారి పావు తిప్పు బిగించుకోండి. కర్ర ఆరి ముడుచుకుని ఉంటుంది. ఆ పానాని బల్ల కిందే, ఫ్రేమ్ పట్టీకి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచితే, ఇల్లు మారే రోజు వంటింటి డబ్బాల్లో వెతుక్కోనక్కర్లేదు.